ఒక్కపొద్దుతో బరువు తగ్గించుకోవచ్చా?

ఈమధ్య ఓపీలో తరచుగా వినిపిస్తున్న ప్రశ్నను ఈ నెల పాఠంగా తీసుకున్నాము. "డాక్టరుగారూ, బరువు తగ్గాలని రోజుకు ఒక్కపూటే తింటున్నాను, మంచిదేనా?" గనికి పోయే తమ్ముళ్లు అడుగుతున్నారు, వారి ఇంటివారు అడుగుతున్నారు, రిటైరైన పెద్దలూ అడుగుతున్నారు. కొందరు ఫోన్లో చూసి, కొందరు పక్క క్వార్టరులో ఒకరు పది కిలోలు తగ్గారని విని మొదలుపెడుతున్నారు. మొదలుపెట్టాక మమ్మల్ని అడుగుతున్నారు. ముందుగా అడిగితే బాగుంటుంది, ముఖ్యంగా షుగరు మాత్రలు వాడేవారు. ఎందుకో కింద వివరిస్తాము.

ఒక్కపొద్దు మనకు కొత్త మాట కాదు. మన సంఘాల్లో లెంటు దినాల్లో సాయంత్రం వరకు ఏమీ ముట్టని కుటుంబాలు ఉన్నాయి. శుక్రవారం ఉపవాస కూటానికి వచ్చే తల్లులు ఉన్నారు. ఇరుగుపొరుగున శనివారం ఒక్కపొద్దు ఉండేవారూ, రంజాన్ నెల రోజాలు ఉండేవారూ ఉన్నారు. వీటన్నిటికీ ఒక రోజో, ఒక కాలమో ఉంది, ప్రార్థన ఉంది. ఇప్పుడు మనం మాట్లాడుకునేది వేరు. ఏ రోజూ విడవకుండా, నెలల తరబడి, కేవలం తూకం తగ్గడానికి ఒక్కపూట తినడం గురించి.

బరువు ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక తరం కిందట మన బొగ్గుబాయిల్లో తట్ట, చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన కోల్‌ఫిల్లర్లు ఎంత తినేవారో మీ ఇంట్లో పెద్దలను అడగండి. సద్ది గిన్నె నిండా అన్నం, ఇంటికి వచ్చాక మళ్లీ పళ్లెం నిండా అన్నం. అయినా ఒంటిమీద కొవ్వు కనిపించేది కాదు. ఏటవాలు దారిలో దిగి, ఎక్కి, ఎనిమిది గంటలు బొగ్గు ఎత్తిన శరీరానికి ఆ అన్నం సరిపోయేది. తర్వాత ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి, మ్యాన్‌రైడింగ్ వచ్చింది, ఓపెన్‌కాస్టుల్లో డంపరు మీదా, షావెల్ మీదా కూర్చుని చేసే పని వచ్చింది. రెక్కల కష్టం తగ్గినందుకు సంతోషమే. కానీ తండ్రి తిన్న అన్నం కుప్పే కొడుకు పళ్లెంలోనూ పడుతున్నది. దానికి తోడు క్యాంటీన్ మిర్చిబజ్జీ, డ్యూటీకి ముందొక చాయ్, తర్వాతొక చాయ్.

కొంచెం లెక్క చూద్దాం. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు ఉంటాయి. చాయ్‌కి రెండు చెంచాల చక్కెర చొప్పున రోజుకు ఐదు చాయ్‌లు తాగితే చక్కెరే 50 గ్రాములు, అంటే 200 కేలరీలు. పాల లెక్క వేరు. "ఒక్కపూటే తింటున్న, అయినా తగ్గుతలేను" అనే అక్కలతో నెమ్మదిగా మాట్లాడితే ఈ చాయ్‌లు, నాలుగు బిస్కెట్లు, వంట చేస్తూ నోట్లో వేసుకున్న అటుకులు బయటపడతాయి. వారు అబద్ధం చెప్పడం లేదు. పళ్లెంలో పెట్టుకుని తిననిదాన్ని మనం తిండిగా లెక్కపెట్టము, అంతే.

ఒక్కపూట తింటే ఏమవుతుంది?

మొదటి వారంలో తూకం తగ్గుతుంది, ఇది నిజం. అయితే ఆ తగ్గినదంతా కొవ్వు కాదు. మన కాలేయంలోను కండరాల్లోను గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము నిల్వతోపాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. తిండి తగ్గగానే ఈ నిల్వ ఖర్చయి, నీరు బయటికి పోతుంది. మళ్లీ రెండు రోజులు మామూలుగా తింటే ఆ నీరు తిరిగి వస్తుంది. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. రోజుకు 500 తగ్గించినా వారానికి అర కిలో దగ్గరే. వారంలో నాలుగు కిలోల కొవ్వు కరిగిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

2007లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం, బెల్ట్స్‌విల్‌లో జరిగిన ఒక అధ్యయనం ప్రచురితమైంది. మామూలు బరువున్న నడివయసు ఆరోగ్యవంతులకు ఎనిమిది వారాలు మూడు పూటలా పెట్టారు. మరో ఎనిమిది వారాలు అన్నే కేలరీల తిండిని సాయంత్రం 5 నుంచి 9 గంటల లోపు ఒక్కపూటగా పెట్టారు. 21 మంది మొదలుపెడితే చివరిదాకా నిలిచింది 15 మంది. ఒక్కపూట తిన్నప్పుడు బరువు, కొవ్వు కొద్దిగా తగ్గాయి. కానీ బీపీ, కొలెస్ట్రాల్ పెరిగాయి. ఉదయం పరగడుపు షుగరు కూడా ఎక్కువగా కనిపించింది. ఆకలి రోజులు గడిచేకొద్దీ అలవాటై తగ్గలేదు, పెరిగింది. ఇది చిన్న అధ్యయనమే, లావుగా ఉన్నవారి మీద చేసింది కాదు. అయినా బీపీ, షుగరు ఉన్న ఇళ్లు ఇన్ని ఉన్న మన ప్రాంతంలో దీన్ని పక్కన పెట్టలేము.

2022లో చైనాలోని గ్వాంగ్‌జౌ నుంచి మరో పెద్ద అధ్యయనం వచ్చింది. స్థూలకాయం ఉన్న 139 మందిని రెండు గుంపులు చేసి, ఇద్దరికీ ఒకేలా కేలరీలు తగ్గించారు. ఒక గుంపు మాత్రం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినాలి. ఏడాది తర్వాత రెండు గుంపులూ బరువు తగ్గాయి. వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఫలితం ఇచ్చింది మొత్తం తగ్గించడం. గడియారం కాదు.

ఇంకో సంగతి. 2017, 2018 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణ గారి ఆహార విధానం మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా వినిపించింది. అందులో అన్నం మానడం, కొబ్బరినూనె, నిమ్మకాయలు ఇవన్నీ ఒక పద్ధతిగా చెప్పారు. ఒక్కపొద్దు అది కాదు. కొందరు దానిలోంచి కొంత, దీనిలోంచి కొంత తీసుకుని తమకు తోచినట్టు కలిపేస్తున్నారు. పగలంతా పస్తు, రాత్రికి నూనె, మాంసం. ఏ పద్ధతినైనా ఇలా కలిపితే దాని లాభనష్టాలు ఎవరూ చెప్పలేరు.

సౌలు సైన్యం కథ

మొదటి సమూయేలు 14వ అధ్యాయం చదవండి. సాయంత్రం కాకముందు తిండి ముట్టినవాడు శాపగ్రస్తుడని సౌలు రాజు యుద్ధం రోజున సైన్యానికి ఒట్టు పెట్టించాడు. మనుషులు అలసి సొమ్మసిల్లారు. ఆ ఒట్టు వినని యోనాతాను అడవిలో కర్ర కొనతో కొంచెం తేనె తీసుకుని నోట పెట్టుకుంటే అతని కళ్లు వెలిగాయి. మిగతావారి సంగతి? సాయంత్రమయ్యేసరికి దోపుడు సొమ్ము మీద పడి, పశువులను నేలమీదే వధించి రక్తంతోనే తినేశారు. ధర్మశాస్త్రం వద్దన్న పని చేశారు. పగలంతా బిగపట్టిన ఆకలి సాయంత్రానికి ఏ నియమాన్నీ లెక్కచేయదు. ఒక్కపూట తినేవారు రాత్రి తొమ్మిదింటికి పళ్లెం ముందు కూర్చున్నప్పుడు జరిగేది ఇదే. మూడోసారి అన్నం పెట్టుకునేటప్పుడు "పొద్దున్నుంచి ఏం తినలేదు కదా" అని మనసు సమాధానం చెప్పుకుంటుంది.

గనిలో షుగరు పడిపోతే

ఈ భాగాన్ని షుగరు ఉన్నవారూ, వారి ఇంటివారూ జాగ్రత్తగా చదవాలని మనవి.

గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ ఇంజెక్షన్లు మీరు తిన్నారా లేదా అని చూడవు. వేసుకున్నాక షుగరును దించుతూనే ఉంటాయి. ఉదయం మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా ఫస్టు షిఫ్టుకు దిగిన మనిషి షుగరు మధ్యాహ్నానికి 70 కంటే కిందికి పోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్లు మసకబారడం, విసుగు, మాట తడబడడం దీని గుర్తులు. ఇంట్లో అయితే భార్యో, పిల్లలో గమనిస్తారు. గనిలో ఏమవుతుంది? అక్కడ అందరికీ చెమటలే. క్యాప్‌ల్యాంప్ వెలుతురులో కళ్లు మసకబారితే చీకటే అనుకుంటాడు. విసుక్కుంటే అలసట అనుకుంటారు. గుర్తులన్నీ పని వేడిలో కలిసిపోతాయి. యంత్రం నడిపేవాడికీ, డంపరు స్టీరింగు పట్టినవాడికీ ఇది తన ఒక్కడి ప్రాణంతో పోయే సంగతి కాదు.

అందుకే చొక్కా జేబులో చిన్న గ్లూకోజు పొట్లమో, చక్కెర పొట్లమో ఉండాలి. గుర్తులు కనిపించగానే పని ఆపి, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. పక్కనున్నవారికి, సర్దార్‌కు చెప్పాలి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ తాగాలి. తేరుకున్నాక తిండి తినాలి, ఎందుకంటే ఆ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది, షుగరు మళ్లీ పడవచ్చు. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. డ్యూటీ దిగి ఖాళీ కడుపున మద్యం తాగేవారికి ఈ ప్రమాదం రెట్టింపు. మద్యం ఉన్నప్పుడు కాలేయం కొత్తగా చక్కెరను సరిగా తయారు చేయలేదు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగరు ఇలా పడడం అరుదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రల సంగతి వేరు. వాటితో దీర్ఘ ఉపవాసాలు, పైగా ఎండాకాలం చెమటతో నీరు తగ్గడం కలిస్తే రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదకర స్థితి రావచ్చు. అప్పుడు షుగరు పరీక్షలో అంకె పెద్దగా ఎక్కువ కనిపించకపోవచ్చు కూడా. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆగకుండా రండి. బీపీకి నీటి మాత్రలు వాడేవారు కళ్లు తిరిగి పడిపోవచ్చు.

నడుము నొప్పికి, మోకాళ్ల నొప్పికి రోజూ మాత్రలు వేసుకునే వారి సంఖ్య మన దగ్గర తక్కువేమీ కాదు. డైక్లోఫెనాక్ వంటివి ఖాళీ కడుపున వేసుకుంటే పుండ్లు పడతాయి, నల్లటి విరేచనం వరకు వస్తుంది. రోజంతా తినకుండా, బరువు వేగంగా తగ్గేవారికి పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశమూ ఎక్కువ.

ఇంటి ఇల్లాలి ఒక్కపూట

ఒక్కపూట తినేవారిలో బరువు కోసం కాక, అందరికీ వడ్డించాక మిగిలింది తినే అమ్మలూ ఉన్నారు. భర్తకు ఫస్టు షిఫ్టు, కొడుక్కి సెకండు షిఫ్టు అయితే ఆమెకు వంట మూడుసార్లు, భోజనం ఒక్కసారి. ఇటువంటివారిలో రక్తం తక్కువగా ఉండి, నడుము చుట్టుకొలత ఎక్కువగా ఉండడం రెండూ కలిసి కనిపిస్తాయి. వీరికి ఒక్కపూటను వైద్యంగా చెప్పడం అన్యాయం. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష చేయించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, బలహీనంగా ఉన్న వృద్ధులు, టీబీ మందులు వాడేవారు ఒక్కపూట జోలికి పోనేకూడదు.

మరి ఏం చేయాలి?

మొదట నడుము కొలవండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. మన దేశస్థులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం.

పూటలు తగ్గించడానికి ముందు పళ్లెం మార్చండి. సగం పళ్లెం కూరగాయలు, ఆకుకూరలు. తోటకూర, బచ్చలి, బీర, సొర ఏదైనా సరే. పావు వంతు పప్పు, గుడ్డు లేదా చేప. మిగిలిన పావు వంతే అన్నమో జొన్నరొట్టో. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కేలరీల పళ్లెంలో కూరగాయలు 400 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు చూపించింది. ఈ కూరగాయలు, పప్పు అంతా ఒక్క పూటలో తినడం ఎవరికైనా కష్టం. ఒక్కపూట వారి పళ్లెంలో చివరికి మిగిలేది అన్నమే. కారణం ఇదే.

రాత్రి షిఫ్టు వారు డ్యూటీకి ముందు ఎనిమిదింటి ప్రాంతంలో మితంగా భోజనం చేసి, నడిరాత్రి ఉడికించిన శనగ గుడాలో, పల్లీలో, పండో తీసుకోండి. పొద్దున ఇంటికి వచ్చి పళ్లెం నిండా తిని వెంటనే పడుకోకండి. తేలికగా తిని నిద్రపోండి. లేచాక భోజనం. చాయ్‌లో చక్కెర సగం చేస్తే ఏ ఉపవాసమూ లేకుండానే నెలకు కొంత తేడా వస్తుంది.

ఏ జబ్బూ లేక, ఏ మందులూ వాడని పెద్దవారు రెండు పూటలు తింటే సరిపోతున్నదంటే మేము కాదనము. రాత్రి త్వరగా తిని, ఉదయం వరకు పన్నెండు గంటలు ఏమీ ముట్టకపోవడం చాలామందికి మేలే.

ప్రార్థన కోసం ఉపవాసం ఉండాలనుకునే షుగరు రోగులు ఆ దినాలకు ముందే రండి. రోజాలు ఉండే ముస్లిం సోదరులకు కూడా ముందుగా మాత్రల వేళలు, మోతాదు మార్చి ఇస్తాము. మీకూ అలాగే చేయవచ్చు. ఉపవాసాన్ని రహస్యంగా ఉంచమని మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ప్రభువు చెప్పింది మనుషుల మెప్పు కోరకుండా ఉండడానికి. డాక్టరుకు చెప్పడం దాని కిందికి రాదు. మాత్రలు మీరే మానవద్దు, సగం చేసుకోవద్దు.

ఇప్పటికే ఒక్కపూట తింటున్నవారు, మందులు వాడుతుంటే, ఈ వారంలోనే ఓపీకి రండి. వచ్చేటప్పుడు మందుల చీటీ, వాడుతున్న మాత్రల అట్టలు, ఈ నెల మీ షిఫ్టుల వివరం, గత మూడు రోజుల్లో తిన్నవీ తాగినవీ చాయ్‌తో సహా రాసిన కాగితం తెచ్చుకోండి.