కుక్కకు ఓనమాలు

నవ్వు రెండు విధములు. ఒకరిని చూచి నవ్వుట ఒకటి; ఒకరితో కలిసి నవ్వుట మరియొకటి. మొదటిది మనసును నొప్పించును. రెండవది మనుష్యులను దగ్గరకు చేర్చును. అవయవలోపముగల బిడ్డను చూచి కన్నీరు పెట్టువారు పెక్కుమంది. ఆ బిడ్డ కొంటెపనులకు మనసార నవ్వువారు అరుదు. హెలెన్ కెల్లరు బాల్యమున జరిగిన సంగతులు ఈ విషయమున గమనింపదగినవి.

హెలెన్ అమెరికా దేశమున, అలబామా రాష్ట్రములోని టస్కంబియా అను చిన్న పట్టణమున 1880వ సంవత్సరము జూన్ 27వ తేదీన జన్మించెను. పందొమ్మిది నెలల వయసున తీవ్రమైన జబ్బుచేసి, చూపును వినికిడిని కూడ కోల్పోయెను. వినికిడి లేనందున మాటయు రాలేదు. తనకు కావలసినదానిని సైగలతో తెలుపుచుండెను. తల్లిదండ్రులు జాలిచే ఆమె కోరినదెల్ల చెల్లనిచ్చిరి.

చూపు లేకున్నను ఆ బాలికకు చిలిపితనము కొరవడలేదు. తాళపుచెవి ఉపయోగమును తెలిసికొన్న పిదప, ఒకనాడు ఆమె తల్లిని కొట్టుగదిలో ఉంచి తాళము వేసెను. పనివారు దూరముగ నుండిరి. తల్లి మూడు గంటలసేపు తలుపు బాదుచునే యుండెను. హెలెన్ వరండా మెట్లపై కూర్చుండి, ఆ దెబ్బల అదురు తన శరీరమునకు తగులుచుండగా నవ్వుచుండెను. ఇక ఆలస్యము చేయక బిడ్డకు చదువు చెప్పింపవలెనని తల్లిదండ్రులు నిశ్చయించుకొనిరి.

1887 మార్చి 3వ తేదీన ఆనీ సలివన్ అను ఇరువదియేండ్ల ఉపాధ్యాయిని ఆ యింటికి వచ్చెను. ఆమెకును అదే గతి పట్టెను. హెలెన్ ఆమెను గదిలో ఉంచి తాళము వేసి, తాళపుచెవిని బీరువా క్రింద దాచెను. ఎందరు బ్రతిమాలినను దాని జాడ తెలుపలేదు. తుదకు తండ్రి నిచ్చెన వేయించి, ఉపాధ్యాయినిని కిటికీగుండ దింపెను. తాళపుచెవి బయటపడుటకు నెలలు పట్టెను!

ఇంటివారి గారాబము చదువునకు అడ్డు వచ్చుచున్నదని సలివన్ గ్రహించెను. హెలెన్‌ను వెంటబెట్టుకొని తోటలోని చిన్న యింటికి చేరెను. అచట ఆమె అరచేతిలో వ్రేళ్లతో అక్షరములు కూర్చి మాటలు నేర్పసాగెను.

ఒకనాడు తండ్రి బెల్ అను పెంపుడు కుక్కను అచటికి తీసికొనివచ్చెను. బెల్ ముసలిది, పైగా సోమరి. హెలెన్ మోటు ఆటలు దానికి కొత్త కాదు. కనుక కిటికీ దాపున చడిచేయక నక్కియుండెను. బొమ్మకు స్నానము చేయించుచున్న హెలెన్ వాసనచే దానిని పసికట్టి, బొమ్మను నీళ్లలో పడవైచి, తడుముకొనుచు వెళ్లి దానిని కౌగిలించుకొనెను. పిదప ప్రక్కన కూర్చుండి దాని గోళ్లను ఇటునటు త్రిప్పసాగెను. చూచువారికి ముందు ఏమియు బోధపడలేదు. కొంతసేపటికి తెలిసినది: తాను నేర్చిన ‘బొమ్మ’ అను మాటను ఆమె కుక్కకు నేర్పుచున్నది!

చెవిటివాని ముందు శంఖమూదినట్లని సామెత. ఇచట ఆ సామెత తలక్రిందులైనది. గురువునకు వినికిడి లేదు. శిష్యురాలికి చెవులు రెండును బాగుగనే యున్నవి. పాఠము చెవి కెక్కనిది శిష్యురాలికే!

ఈ దృశ్యమునకు నవ్వు రాక మానదు. అయినను అందొక విశేషము కలదు. ప్రతి వస్తువునకు పేరు కలదను సత్యము ఆమెకు అప్పటికింకను తెలియదు. అది ఏప్రిల్ 5వ తేదీన, నీటిపంపు చెంత, చేతిపై నీరు పడుచుండగా తెలిసెను. అంతకుముందే, తనకు వచ్చిన ఒక మాటను తన నేస్తమునకు పంచియీయవలెనను కోరిక ఆమెకు కలిగెను. జాలితో మాత్రమే చూచువారు ఆమెకు లేనిదానిని చూచిరి. నవ్వుచు చూచువారికి ఆమెకున్నది కనబడెను.

కొన్నియేండ్లకు లయనెస్ అను ఆమె మరియొక కుక్క మరణించెను. వేరొక కుక్కను కొనియిచ్చుటకు మిత్రులు ధనము కూర్పగోరిరి. హెలెన్ అందుల కొప్పుకొనలేదు. తనవలెనే చూపును వినికిడియు లేని టామీ స్ట్రింగర్ అను బాలుని చదువునకు ఆ ధనము నీయుడని వేడెను. టామీ 1891లో బోస్టను నగరమందలి పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరెను. కుక్కకు ఓనమాలు నేర్పలేకపోయిన బాలిక, కుక్కకై వచ్చిన ధనముతో ఒక బాలునకు ఓనమాలు నేర్పించెను.