అయిదో పౌరుడు, గుర్రపు దండు

ఊళ్ళో నలుగురు ఉన్నంతకాలం అంతా సవ్యంగా సాగుతుంది. అయిదో మనిషి చేరగానే అలజడి మొదలవుతుంది. పన్ను రాదు, పని సాగదు. సరిగ్గా అదే సమయానికి ఊరి పొలిమేరలో గుర్రాల మీద దోపిడీ దండు ఒకటి కనబడుతుంది. ఆ ఊరి పాలకులు మీరే. ఏం చేస్తారు?

విద్యార్థులారా! ఇది ఫ్రీసివ్ అనే కంప్యూటర్ ఆటలో కొత్తగా ఆడేవారికి తప్పక ఎదురయ్యే చిక్కు. 1991లో అమెరికాలో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ అనే ఇద్దరు ‘సివిలైజేషన్’ అనే ఆటను తయారుచేశారు. ఒక చిన్న తెగతో మొదలుపెట్టి, ఊళ్ళు కట్టి, విద్యలు నేర్చి, రాజ్యాన్ని పెంచటం అందులోని ఆట. 1995లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు విద్యార్థులు అదే తరహాలో మరొక ఆటను రాయటం మొదలుపెట్టి, 1996 జనవరిలో విడుదల చేశారు. అదే ఫ్రీసివ్. దీన్ని డబ్బు పెట్టి కొనక్కర్లేదు. ఇందులో ఎన్నో రకాల నియమావళులున్నాయి. మనం ఇక్కడ చెప్పుకొనే లెక్కలన్నీ ‘క్లాసిక్’ నియమావళిలోవి.

ఇది వంతులవారీ ఆట. అంటే చదరంగంలో మాదిరిగా నింపాదిగా ఆలోచించి, చేయదలచినదంతా చేసి, అప్పుడు వంతు ముగించవచ్చు. వేళ్ళ వేగంతో ఇందులో పని లేదు. కూడికలు, తీసివేతలు, కొంచెం సంభావ్యత వస్తే చాలు.

ముందు ఊరి లోపలి సంగతి చూద్దాం. ఊరి చుట్టూ, ఊరితో కలిపి, 21 గళ్ళ భూమి ఉంటుంది. ఒక్కొక్క పౌరుడు ఒక్కొక్క గడిలో పని చేస్తాడు. ఊరున్న గడి మాత్రం ఎవరూ పని చేయకుండానే ఫలితం ఇస్తుంది. పచ్చిక గడి ఒక్కొక్కటి వంతుకు 2 పాళ్ళ ఆహారం ఇస్తుంది. ఒక్కొక్క పౌరుడు వంతుకు 2 పాళ్ళు తింటాడు. లెక్క తేలిక కోసం మీ ఊరు పచ్చిక మీదే ఉందనీ, అయిదుగురూ పచ్చికలోనే పని చేస్తున్నారనీ అనుకుందాం. పండేది 5 × 2 + 2 = 12. తినేది 10. మిగులు 2. ఈ మిగులు గాదెలో చేరి, గాదె నిండినప్పుడు ఊళ్ళోకి మరొక మనిషి వస్తాడు. ఊరు పెరగటమంటే ఇంతే.

ఇక మనుషుల మనసులు. ఆటలో ముఖ్యంగా మూడు రకాలవారున్నారు: ఆనందంగా ఉన్నవారు, తృప్తిగా ఉన్నవారు, అసంతృప్తులు. మామూలుగా ఊళ్ళో మొదటి నలుగురు తృప్తిగా ఉంటారు. అయిదోవాడి నుంచి అందరూ అసంతృప్తులే. ఇల్లు ఇరుకైనకొద్దీ చికాకు పెరుగుతుందని ఆట రాసినవారి ఊహ కావచ్చు. అసంతృప్తుల సంఖ్య ఆనందపరుల సంఖ్యను మించితే ఊళ్ళో అలజడి పుడుతుంది. సమానమైతే అలజడి లేదు. ఈ ‘మించితే’ అన్న మాటను బాగా గుర్తుంచుకోండి. తృప్తిగా ఉన్నవారు ఎందరున్నా ఈ తూకంలోకి రారు. నలుగురు బుద్ధిమంతులు మౌనంగా ఉండగా ఒక్కడు రచ్చ చేస్తే తరగతి అంతా పాడవటం మీకు తెలిసిందే.

అలజడి పుట్టిన ఊళ్ళో పన్నులు సున్నా, విజ్ఞానం సున్నా. మిగులు ఆహారం, మిగులు ఉత్పత్తి కూడా దక్కవు. అంటే కడుతున్న గుడి ఆగిపోతుంది, తయారవుతున్న సైన్యం ఆగిపోతుంది. అలజడిని అణచటానికి కావలసిన వస్తువు తయారీనే అలజడి ఆపేస్తుందన్నమాట. అందుకే ఇది వచ్చాక చూసుకొనే వ్యవహారం కాదు.

దీనికి ఆట ఇచ్చే మార్గాల్లో అన్నిటికంటె సులువైనది ఒక పౌరుణ్ణి పొలం నుంచి పిలిచి వినోదకారుడిగా నియమించటం. అతడు 2 పాళ్ళ విలాసం ఇస్తాడు. 2 పాళ్ళ విలాసంతో తృప్తిగా ఉన్న ఒకడు ఆనందపరుడవుతాడు. అసంతృప్తుడు ఒకడు, ఆనందపరుడు ఒకడు, తూకం సరి. అలజడి ఆ క్షణమే చల్లారుతుంది. కాని ఆహారం లెక్క తిరిగి వేయండి. ఇప్పుడు పొలంలో నలుగురే. 4 × 2 + 2 = 10. తినేవారు మాత్రం ఇంకా అయిదుగురే, 10. మిగులు సున్నా! ఊరు ప్రశాంతంగా ఉంది, కాని పెరగటం లేదు. పాట పాడేవాడు కూడా అన్నం తింటాడు కదా. ఎన్నో వంతులు గడిచాక ‘నా ఊరెందుకు ఎదగటం లేద’ని తల పట్టుకునేవారి చిక్కు తరచు ఇదే.

రాజ్యం మొత్తం మీద విలాసం పాలు పెంచటం ఇంకొక మార్గం. ఊళ్ళో పుట్టే వర్తకాన్ని పన్ను, విజ్ఞానం, విలాసం అని మూడుగా పంచుతారు. కాని మొదట్లో ఊరి వర్తకమే ఒకటో రెండో పాళ్ళు. అందులో నూటికి పది తీస్తే ఏం వస్తుంది? ఓడరేవులూ రోడ్లూ ఏర్పడ్డాక దీని సంగతి ఆలోచించవచ్చు.

గుడి కట్టటం మంచి మార్గం. దానికి ముందు అంత్యక్రియల విద్య నేర్వాలి. గుడి ఉంటే ఒక అసంతృప్తుడు తృప్తి చెందుతాడు. వంతుకు 1 నాణెం నిర్వహణ ఖర్చు. అయిదుగురూ పొలంలోనే ఉంటారు, మిగులు 2 మిగులుతుంది. ఒక నాణేనికి రెండు పాళ్ళ ఆహారం. ఇంతకంటె చవక బేరం మొదట్లో దొరకదు. కాని గుడి లేచేదాకా ఆగాలి.

ఇక సైన్యం. ఆట మొదట్లో మీ ప్రభుత్వం నిరంకుశ పాలన. ఆ పాలనలో ఊళ్ళో ఉన్న ఒక్కొక్క సైనిక దళం ఒక్కొక్క అసంతృప్తుణ్ణి అదుపులో పెడుతుంది. దానికీ ఒక హద్దు ఉంది. బల్లెం చూసి నోరు మూసుకోవటాన్ని తృప్తి అని లెక్క రాయటం నాకు అంతగా నచ్చదు. అయితే ఆట దానికి పెట్టిన పేరు కూడా నిరంకుశ పాలనే కాబట్టి ఊరుకుందాం. ముందు ముందు మీరు గణతంత్రానికి మారితే ఈ ఉపాయం పనిచేయదు. పైగా దండయాత్రకు వెళ్ళిన దళం వల్ల ఊళ్ళో అసంతృప్తి పెరుగుతుంది కూడా.

అన్నిటికంటె చవక దళం ‘యోధులు’. ఖరీదు 10 పాళ్ళ ఉత్పత్తి. దాడి బలం 1, రక్షణ బలం 1. ‘ఫాలాంక్స్’ అంటే ఈటెలు పట్టి వరుసగా నిలిచే పూర్వపు గ్రీకు కాల్బలం. దాని ఖరీదు 20, దాడి 1, రక్షణ 2. కంచు పని నేర్చాకే అది వస్తుంది. జనాన్ని అదుపులో పెట్టటానికి రెండూ ఒకటే, ఒక్కొక్కటి ఒక్కరినే అణచగలదు. అలాంటప్పుడు రెట్టింపు ఖరీదు పెట్టి ఫాలాంక్స్ ఎందుకు? చాలామంది ఇలాగే ఆలోచించి ప్రతి ఊళ్ళోనూ యోధుల్ని నింపుతారు. లోపలి లెక్క ఒక్కటే చూస్తే వారిది తప్పనలేం. దండు వచ్చినప్పుడు రెండో లెక్క బయట పడుతుంది.

దోపిడీ దండులో గుర్రపు దళం వచ్చిందనుకుందాం. దాని దాడి బలం 2, రక్షణ బలం 1, వంతుకు 2 గళ్ళు నడుస్తుంది. ఊళ్ళో ఉన్న కాల్బలానికి రక్షణ ఒకటిన్నర రెట్లవుతుంది. కాబట్టి యోధులకు 1.5, ఫాలాంక్స్‌కు 3. పోరు విడతలుగా జరుగుతుంది. ఇరువైపులా 10 పాళ్ళ ప్రాణం ఉంటుంది. విడత ఓడిన దళానికి ఒక పాలు పోతుంది. పది విడతలు ముందుగా గెలిచినవారిదే పోరు. ఒక్క విడతలో దాడి చేసేవాడు గెలిచే సంభావ్యత, దాడి బలాన్ని రెండు బలాల మొత్తంతో భాగిస్తే వస్తుంది.

ఫాలాంక్స్ మీద గుర్రం: 2 ÷ (2 + 3) = 0.4. నూటికి 40 సార్లు గెలిచే శత్రువంటే భయపడవలసిందే అనిపిస్తుంది. అయితే అది ఒక్క విడతకే. ముందుగా రెండు విడతలు గెలవాలంటే ఆ 40 కాస్తా 35 అవుతుంది. మూడు గెలవాలంటే సుమారు 32. పది గెలవాలంటే 19కి కొంచెం తక్కువ! విడతలు పెరిగినకొద్దీ బలవంతుడి మొగ్గు పెరుగుతూ పోతుంది, అదృష్టం పాత్ర తగ్గుతూ పోతుంది. 1991 నాటి మొదటి ఆటలో పోరు ఒకే దెబ్బతో తేలిపోయేది. యుద్ధనౌకను ఈటెల దళం ఓడించిన వింతలు ఆ ఆటలో జరిగేవంటే కారణం అదే.

యోధుల మీద గుర్రం: 2 ÷ 3.5, అంటే 0.57. పది విడతల పోరులో ఇది నూటికి సుమారు 74 అవుతుంది. ఊళ్ళో ఫాలాంక్స్ ఉంటే శత్రువు గెలుపు 19 లోపు, యోధులుంటే 74. ఖరీదులో తేడా పది పాళ్ళే. ఉన్న ఒక్క దళమూ ఓడితే ఊరు వారి వశమవుతుంది. ఒక్కడే పౌరుడున్న ఊరైతే నేలమట్టమే.

ఈ మాట నమ్మబుద్ధి కాకపోతే కంప్యూటర్ లేకుండానే పరీక్షించవచ్చు. ఒకే కొలతలో అయిదు కాగితపు చీటీలు కత్తిరించండి. రెండింటి మీద ‘గుర్రం’ అనీ, మూడింటి మీద ‘ఈటె’ అనీ రాసి, మడిచి, సంచిలో వేయండి. ఒకటి తీసి, ఎవరిదో రాసుకొని, తిరిగి సంచిలో వేసి కలపండి. తిరిగి వేయటం మరిస్తే లెక్క మారిపోతుంది. ఎవరు ముందు పది చేరితే వారిదే ఆ పోరు. తరగతిలో నలభై మంది ఒక్కొక్క పోరు చేసి చూస్తే గుర్రం గెలిచినవి ఏడెనిమిదికి దగ్గర్లో ఉండాలి. కచ్చితంగా అంతే రాకపోవచ్చు. పదకొండు వచ్చినా చీటీల తప్పు కాదు. చీటీలకు బదులు గురివింద గింజలు వాడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అవి విషం.

ఇప్పుడు మొదటి చిక్కుకు వద్దాం. మీ ఊళ్ళో ఆరుగురున్నారు. అసంతృప్తులు ఇద్దరు. యోధుల దళాలు రెండు ఉన్నాయి కాబట్టి ప్రశాంతంగా ఉంది. అంతలో గుర్రపు దళం కనబడింది. ‘ఊళ్ళో కూర్చుంటే నూటికి 74 ఓటమి. ఎదురు వెళ్ళి కొడితే నా దాడి 1, దాని రక్షణ 1, సగానికి సగం. వెళ్ళి కొట్టటమే మేలు’ అని మీకు తోచవచ్చు. పోరు వరకు ఆ లెక్క సరైనదే. కాని దళం ఊరు దాటి, వంతు ముగిసే సమయానికి బయట ఉంటే, లోపల ఒక్క దళమే మిగులుతుంది. అదుపులో లేని అసంతృప్తుడు ఒకడు, ఆనందపరులు సున్నా. అలజడి! తయారవుతున్న ఫాలాంక్స్ ఆగిపోతుంది. బయటి దండును చూసి కదిపిన సిపాయి లోపలి నిప్పును విప్పి పెట్టాడు.

దీనికొక ఉపాయముంది. దండు ఊరి పక్క గడిలోకి వచ్చినప్పుడు మీ దళం ఊరు వదలకుండానే దాన్ని కొట్టవచ్చు. గెలిచినా ఉన్న చోటనే ఉంటుంది. అయితే ఆ అవకాశం దొరకటం దూరాన్ని బట్టి ఉంటుంది. మైదానంలో మూడు గళ్ళ దూరం నుంచి సూటిగా వస్తే గుర్రం రెండు గళ్ళు నడిచి, పక్క గడిలో ఆగిపోతుంది. తరవాతి దెబ్బ మీది. రెండు గళ్ళ దూరంలో ఉంటే ఒక గడి నడిచి, మిగిలిన నడకతో కొట్టేస్తుంది. కాబట్టి గళ్ళు లెక్క పెట్టండి. ఊళ్ళో ఫాలాంక్స్ ఉంటే మాత్రం కొట్టవద్దు. దాని దాడి కూడా 1 మాత్రమే. కొడితే గెలుపు నూటికి 50, కూర్చుంటే 81. దండు నాయకుడు ఒంటరిగా చిక్కితే పట్టుకోండి. విడుదలకు 100 నాణేలు ఇస్తారు.

మామూలు అమరికలో 60వ వంతు దాకా దండు రాదు. వంతుకు 2 పాళ్ళ ఉత్పత్తి ఉన్న ఊరు ఒక ఫాలాంక్స్‌ను 10 వంతుల్లో చేస్తుంది. ఊరు చిన్నగా ఉన్నప్పుడు ఒక యోధుల దళం చాలు. అయిదో మనిషి వచ్చే నాటికి గుడి పని నడుస్తుండాలి. 50వ వంతు దాటకముందే సముద్రపు ఒడ్డు ఊళ్ళలోనైనా ఫాలాంక్స్ నిలబడాలి. లోతట్టు ఊళ్ళకు యోధులతో కొన్నాళ్ళు గడుస్తుంది. దండు కనబడ్డాక నాణేలతో కొందామంటే, పని అసలు మొదలు కాని వస్తువుకు ధర రెట్టింపు పడుతుంది. సగం తయారైన ఫాలాంక్స్ ఒకటి ఊళ్ళో ఉంటే ఆ పూట గట్టెక్కుతారు.

ఒక లెక్క మీకు విడిచిపెడుతున్నాను. ఈసారి దండులో ‘లెజియన్’ వచ్చింది, దాడి బలం 4. ఊళ్ళో ఒక ఫాలాంక్స్ ఉంది. సంచిలో ఎవరివి ఎన్ని చీటీలు వేయాలి? అదే ఊరికి ప్రాకారం కడితే రక్షణ ఇంకా రెట్టింపవుతుంది. అప్పుడు ఎన్ని? రెండో జవాబు చూసి, పైన చేసిన చీటీల ప్రయోగం ఫలితాలతో పోల్చండి.