జౌగడ రాయి – ఉద్దానం ఊరు
(ఒక రోజు విజ్ఞాన యాత్రలో నేర్చుకున్న పాఠం)

కళింగ యుద్ధం ఎప్పుడు జరిగింది? క్రీ.పూ. 261. ఈ బిట్టుకు జవాబు రాయని హాస్టల్ విద్యార్థి మనలో ఉండడు. ఏడో తరగతిలో చదివాం, పదో తరగతిలో చదివాం, గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే వాళ్లం ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. ఆ యుద్ధం చేసిన అశోకుడు కళింగ ప్రజలను ఎలా చూసుకోవాలో తన అధికారులకు చెబుతూ చెక్కించిన ఉత్తరువు మన ఇచ్ఛాపురానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. దాన్ని చూడటానికి గత జనవరి రెండో శనివారం నాడు మేము బయలుదేరాం. పూర్వ విద్యార్థులం ఆరుగురం, 9, 10 తరగతుల తమ్ముళ్లు ఇరవై ఇద్దరు, వార్డెన్ గారు, మాకు దారి చూపిన రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ మాస్టారు. హాస్టల్ వంటవాళ్లు తెల్లవారుజామునే లేచి పులిహోర పొట్లాలు కట్టి ఇచ్చారు.

వ్యాను ఎక్కే ముందు మాస్టారు ఒక షరతు పెట్టారు. "ఉదయం రాయిని చూస్తాం, సాయంత్రం ఒక ఊరిని చూస్తాం. రాయి రాజు మాట చెబుతుంది. ఆ మాట నిజమైందో లేదో ఊరు చెప్పాలి. రెండూ చూస్తేనే చరిత్ర చదివినట్టు" అన్నారు. ఈ వ్యాసం ఆ షరతు ప్రకారమే రాస్తున్నాం.

జౌగడ ఎక్కడ ఉంది?

ఇచ్ఛాపురం దాటగానే గిరిసోల దగ్గర ఒడిశా మొదలవుతుంది. అక్కడి నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద బరంపురం, అక్కడి నుంచి పురుషోత్తంపూర్ వైపు వెళ్తే ఋషికుల్య నది ఒడ్డున జౌగడ వస్తుంది. వేరే రాష్ట్రం అనుకుంటాం గానీ 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, జౌగడ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని ఒకే గంజాం జిల్లాలో ఉండేవి. ఆ తరువాత మన వైపు విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. కాబట్టి మేము చూసింది మన తాత ముత్తాతల జిల్లాలోని రాయినే.

'జౌ' అంటే ఒడియాలో లక్క. పూర్వం ఇక్కడ లక్కతో కట్టిన కోట ఉండేదనీ, శత్రువులు ఎంత ప్రయత్నించినా గోడ ఎక్కలేక జారిపోయేవారనీ, చివరికి ఒక పాలమ్మే ఆమె ద్వారా గుట్టు తెలిసి నిప్పు పెట్టి కరిగించారనీ కథ చెబుతారు. ఇది జనం చెప్పుకునే కథ. తవ్వకాలలో బయటపడింది మట్టికోట. 1956-57లో పురావస్తు శాఖ తరఫున దేబలా మిత్ర ఇక్కడ తవ్వకాలు జరిపించారు. నాలుగు వైపులా రెండేసి చొప్పున ఎనిమిది ద్వారాలతో కట్టుదిట్టంగా కట్టిన పట్టణం ఇది. శాసనంలో దీని పేరు సమాపా. నేడు కోటగోడ గడ్డి మొలిచిన చెరువుగట్టులా కనిపిస్తుంది. మాస్టారు చూపించకపోతే మేము గట్టు అనుకునే దాటిపోయేవాళ్లం.

రాయి మీద ఏముంది?

కొండరాయి నిలువు ముఖం మీద మూడు పలకలుగా అక్షరాలు చెక్కారు. ఇప్పుడు పైన కప్పు వేసి, చుట్టూ ఇనుప కటకటాలు పెట్టారు. మొదటి పలకలో 1 నుంచి 5 వరకు శాసనాలు. ఇందులో దాదాపు సగం రాలిపోయింది. రెండో పలకలో 6 నుంచి 10 వరకు, 14వ శాసనం ఉన్నాయి. మూడో పలకలో కళింగ కోసం ప్రత్యేకంగా రాయించిన రెండు శాసనాలు ఉన్నాయి. ఈ రెండూ భువనేశ్వర్ దగ్గరి ధౌలిలో, ఇక్కడ జౌగడలో ఉన్నాయి. వాల్టర్ ఇలియట్ 1850లో ఈ రాతి శాసనాలకు నకలు తీయించాడు. మన అమరావతి శిల్పాలను తవ్వించిన ఇలియట్ ఇతనే.

భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. మన తెలుగు లిపి ఆ బ్రాహ్మి నుంచే మారుతూ మారుతూ వచ్చింది. తమ్ముళ్లు నోటు పుస్తకాల్లో రాసుకున్న నాలుగు అక్షరాలు ఇక్కడ ఇస్తున్నాం. 'క' అంటే లెక్కల్లోని కూడిక గుర్తు. 'గ' అంటే గుడిసె కప్పు. 'ఠ' అంటే సున్నా. 'న' అంటే ఒక నిలువు గీత, దాని కింద అడ్డగీత. ఈ లిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదవగలిగాడు. సాంచీ స్తూపం దగ్గర చిన్న చిన్న శాసనాలన్నీ ఒకే రెండు అక్షరాలతో ముగుస్తున్నాయని గమనించి, ఇవి దాతల పేర్లయితే చివరి మాట 'దానం' అయి ఉండాలని ఊహించాడు. ఆ ఊహ నిజమైంది. తెలియని పేపరులో తెలిసిన ప్రశ్నను ముందు పట్టుకోవడం అనే పద్ధతి మనకు పరీక్షల్లోనూ పనికొస్తుంది.

ఇంకో విశేషం. ఈ రాతి మీద 'ర' పలికే చోట 'ల' ఉంటుంది. రాజును 'లాజా' అని రాశారు. మగధ వైపు పలుకుబడి అది. పాటలీపుత్రంలో మాట్లాడినట్టే ఇక్కడ చెక్కారన్నమాట. ఈ మాట విని మా తమ్ముళ్లు రోజంతా వార్డెన్ గారి ఎదుట కూడా 'లాజా గాలు' అంటూ నవ్వుకున్నారు.

కళింగలో లేని శాసనం

అశోకుడి పెద్ద శిలాశాసనాలు మొత్తం పద్నాలుగు. కళింగ యుద్ధంలో లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ, లక్షమంది హతమయ్యారనీ, దానికి ఎన్నో రెట్లు మరణించారనీ, అందుకు తాను బాధపడుతున్నాననీ చెప్పింది పదమూడో శాసనం. మన పాఠ్యపుస్తకంలో ఉన్నది అదే. కానీ ఆ శాసనం కళింగలో లేదు! జౌగడలోనూ లేదు, ధౌలిలోనూ లేదు. మన రాష్ట్రంలో చూడాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్లాలి. తన వాళ్లను పోగొట్టుకున్న జనం ముందు ఆ లెక్కలు మళ్లీ చదివించడం మంచిది కాదనుకున్నారేమోనని చరిత్రకారుల ఊహ. 11, 12, 13 శాసనాలు వదిలేసి, వాటి బదులు ఆ రెండు ప్రత్యేక శాసనాలను ఇక్కడ చెక్కారు.

సమాపా అధికారులకు ఉత్తరువు

మొదటి ప్రత్యేక శాసనం సమాపాలో న్యాయం చెప్పే మహామాత్రులకు రాసింది. దాని సారాంశం మా మాటల్లో ఇది. ప్రజలందరూ నా బిడ్డలు. నా బిడ్డలు ఇహంలోనూ పరంలోనూ సుఖపడాలని ఎలా కోరుకుంటానో అందరి విషయంలోనూ అలాగే కోరుకుంటాను. మీలో కొందరికి ఇది అర్థమవుతోంది గానీ పూర్తిగా కాదు. కారణం లేకుండా ఒక మనిషి చెరసాల పాలవుతాడు, హింస పడతాడు, అతని వెనుక మరెంతోమంది దుఃఖపడతారు. అలా జరగకుండా మీరు నిష్పక్షపాతంగా ఉండాలి.

నిష్పక్షపాతంగా ఉండనివ్వని దోషాలు ఏడని కూడా చెప్పాడు: ఈర్ష్య, కోపం, కాఠిన్యం, తొందరపాటు, అభ్యాసం లేకపోవడం, సోమరితనం, అలసట. రేపు మనలో ఎవరైనా వి.ఆర్.వో. కావచ్చు, ఎస్.ఐ. కావచ్చు, ఎమ్మార్వో కావచ్చు. ఈ ఏడింటినీ టేబుల్ అద్దం కింద పెట్టుకోవాలి. కోపం, ఈర్ష్య ఎవరైనా చెబుతారు. అలసట కూడా ప్రజలకు అన్యాయం చేస్తుందని చెప్పడం మాకు కొత్తగా అనిపించింది. సాయంత్రం నాలుగు గంటలకు ఆఫీసు కిటికీ ముందు నిలబడిన వాళ్లకు ఆ మాట బాగా అర్థమవుతుంది.

ఉత్తరువు చివరలో ఉన్న ఏర్పాటు ఇంకా గొప్పది. ఈ శాసనాన్ని తిష్య నక్షత్రం రోజున, అంటే మనం పుష్యమి అనే నక్షత్రం రోజున, చదివి వినిపించాలి. మధ్యలో కూడా వినిపించవచ్చు. వినేవాడు ఒక్కడే ఉన్నా వినిపించాలి. అక్షరాలు రాతి మీద ఉన్నా ఆనాటి జనంలో చదవగలిగిన వాళ్లు కొద్దిమందే. చదవలేని వాళ్లకు చేరాలంటే ఎవరో ఒకరు నిలబడి బిగ్గరగా చదవాలి. అందుకే ఆ ఏర్పాటు.

మొదటి పలకలోని రెండో శాసనం గురించి కూడా చెప్పాలి. మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేశామనీ, మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించామనీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు వేయించామనీ దాని భావం. వైద్యం, నీళ్లు. ఈ రెండు మాటల కింద మాస్టారు మా చేత గీత గీయించారు. "సాయంత్రం వీటి గురించే అడగాలి" అన్నారు.

సాయంత్రం ఊళ్లో

తిరుగు ప్రయాణంలో ఇచ్ఛాపురం మీదుగా కవిటి మండలంలోని ఒక ఊరికి వెళ్లాం. ఉద్దానం అంటే ఉద్యానవనం అని మనకు తెలుసు. కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను పడగొట్టిన తరువాత నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే మనిషి ఎత్తు దాటి ఎదుగుతున్నాయి.

అదే ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఉంది. 1990ల నుంచి ఇక్కడి డాక్టర్లు గుర్తిస్తూ వచ్చారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ వ్యాధి తెలియని ఊరు అరుదు. షుగరు, బీపీ లేని కూలి మనుషులకు కూడా వస్తుంది. ఎన్నో బృందాలు పరిశోధనలు చేసినా, ఇదే కారణం అని ఒక్కదాన్ని తేల్చలేకపోయారు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని హిరమండలం నుంచి పైపుల ద్వారా తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం కూడా అదే రోజు మొదలయ్యింది. రెండో శాసనంలోని వైద్యం, నీళ్లు అనే రెండు పనులే ఇవి కూడా.

మేము ఆ ఊళ్లో వీధి వీధి తిరిగి రెండే ప్రశ్నలు అడిగాం. నీళ్లు ఎక్కడివి తాగుతున్నారు? వైద్యానికి ఎక్కడికి వెళ్తున్నారు? కొందరు కుళాయి నీళ్లు అన్నారు. కొందరు క్యాన్ కొంటున్నామన్నారు. ఒక ముసలాయన బోరు నీళ్లే అలవాటన్నాడు. వైద్యం అంటే సోంపేట, పలాస, కొందరు విశాఖ. డయాలసిస్‌కు వారంలో రెండు మూడు రోజులు వెళ్లాలంటే రోగితో పాటు తోడు వెళ్లే మనిషి కూలి కూడా పోతుంది. ఈ లెక్క ఏ శిలాఫలకం మీదా ఉండదు.

రచ్చబండ దగ్గర ఒక మామ్మ ప్లాస్టిక్ కవరులోంచి కాగితాలు తీసి మా తొమ్మిదో తరగతి తమ్ముడి చేతిలో పెట్టింది. "బాబూ, మీరు సదువుకున్నోలు కదేటి. ఇందల ఏటి రాసుందో కూసింత సదివి సెప్పండి" అంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. తమ్ముడు కూడబలుక్కుని చదివాడు. క్రియాటినిన్ పరీక్ష రిపోర్టు అది. కింద డాక్టరు చేతిరాతతో మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ వేసి ఉంది. ఆ తేదీ దాటి పదకొండు రోజులైంది. కొడుకు చెన్నైలో పనిలో ఉన్నాడట, కోడలికి చదువు రాదట. కాగితం ఇంట్లో ఉంది గానీ అందులోని మాట ఆమెకు చేరలేదు.

తమ్ముడు కాగితం వెనక తెలుగులో పెద్ద అక్షరాలతో "సోమవారం పరీక్షకు వెళ్లాలి, ఈ కాగితం తీసుకెళ్లాలి" అని రాసి, రెండుసార్లు చదివి వినిపించాడు. మామ్మ ఆ మాటలు అతనికే తిరిగి అప్పజెప్పింది. అది చూసి ఇంకో ముగ్గురు ఇళ్లలోకి వెళ్లి తమ కాగితాలు తెచ్చారు. ఒకటి పింఛను కాగితం, ఒకటి బ్యాంకు నోటీసు, ఒకటి మందుల చీటీ. చీకటి పడే దాకా తమ్ముళ్లు చదువుతూనే ఉన్నారు. మాస్టారు పక్కన నిలబడి "ఒక్కడే ఉన్నా వినిపించాలి అన్నది ఇదేరా" అన్నారు.

మనం చేయవలసింది

మనలో ఎక్కువమందికి ఇంట్లో మొదట అక్షరం నేర్చుకున్నది మనమే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పుస్తకాల బ్యాగుతో వెళ్తాం. ఈసారి రెండు పనులు కూడా పెట్టుకుందాం.

మొదటిది, పండుగ సెలవుల్లో ఒక సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చుని ఎవరు కాగితం తెచ్చినా చదివి వినిపించాలి. ఆసుపత్రి కాగితమైతే తేదీ, మందు పేరు ఉన్నది ఉన్నట్టు చదవాలి. మందు మార్చమనీ మానమనీ మనం చెప్పకూడదు, అది డాక్టరు పని. ఇంటి సంగతులు బయట చెప్పకూడదు.

రెండోది, మన ఊళ్లో ఉన్న ప్రతి శిలాఫలకాన్ని చదివి నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఏ పని, ఏ సంవత్సరం అన్నది ఒక పక్క రాసి, ఈనాడు ఆ పని ఎలా ఉందో ఎదురుగా రాయాలి. కుళాయి వస్తే వస్తోందని రాయాలి, రాకపోతే రావడం లేదని రాయాలి. గ్రామసభలో అడగడానికి ఆ పేజీ చాలు.

జౌగడ వెళ్లదలచిన హాస్టళ్లకు ఒక సూచన. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. అక్షరాలను తాకకూడదు, సుద్దముక్కతో దిద్దకూడదు. ఉదయం ఎండ ముదరకముందే చేరుకోవాలి. మంచినీళ్లు వెంట తీసుకెళ్లాలి.

అభ్యాసం

1. జౌగడలో లేని అశోకుని శిలాశాసనాలు ఏవి? పదమూడో శాసనం మన రాష్ట్రంలో ఎక్కడ ఉంది?
2. నిష్పక్షపాతంగా ఉండనివ్వని ఏడు దోషాలు ఏవి? వాటిలో మీరు చూసిన ఒకదానికి ఉదాహరణ రాయండి.
3. శాసనాన్ని పుష్యమి నాడు చదివి వినిపించాలని ఎందుకు ఏర్పాటు చేశారు?
4. మీ ఊళ్లో తాగునీరు ఎక్కడి నుంచి వస్తోంది? ఐదు ఇళ్లలో అడిగి రాయండి.
5. ఈ సెలవుల్లో మీరు ఎవరికి ఏ కాగితం చదివి వినిపించారు? పేరు రాయకుండా నాలుగు వాక్యాలు రాయండి. మంచివి వచ్చే సంచికలో వేయమని సంపాదక వర్గాన్ని కోరుతున్నాం.