సెల్ ఫోన్ వల్ల క్యాన్సర్ వస్తుందా?

ఓ.పి.లో చీటీ రాయించుకునే వరుసలో తరచుగా వినబడే ప్రశ్న ఇది. "సిస్టరమ్మా, మా ఇంటి ఎన్క టవర్ వెట్టిన్రు. క్యాన్సర్ అస్తదంటున్రు, నిజమేనా?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. చిన్న పిల్లల తల్లులేమో ఫోన్ గురించి అడుగుతారు. కొందరు ఎవరో పంపిన వీడియో తీసి చూపిస్తారు. ఒక్కొక్కరికి నిలబడి వివరించే తీరిక వార్డు పనిలో దొరకదు కనుక ఈసారి పాఠంగా దీనినే తీసుకున్నాము.

జవాబు ముందే చెబుతాను. ఫోన్ వాడకం వల్ల మెదడు క్యాన్సర్ వస్తుందని ఇప్పటివరకు రుజువు కాలేదు. పెద్ద పరిశోధనలు జరిగేకొద్దీ ఆ అనుమానం తగ్గుతూ వచ్చింది కాని పెరగలేదు.

రేడియేషన్ అన్నీ ఒకటి కావు

ఎక్స్‌రే గదిలో సిబ్బంది సీసపు ఆప్రాన్ వేసుకోవడం మీరు చూసే ఉంటారు. ఎక్స్‌రే కిరణాలకు కణంలోని డి.ఎన్.ఎ.ను దెబ్బతీసే శక్తి ఉంది. అందుకే ఆ జాగ్రత్త. సెల్ ఫోన్ తరంగాలు రేడియో, టి.వి. తరంగాల కోవకు చెందినవి. డి.ఎన్.ఎ.ను తెంచే శక్తి వాటికి లేదు. శరీరానికి ఆనించి పెట్టుకుంటే ఆ భాగాన్ని కొద్దిగా వెచ్చబరచగలవు. ఆ వెచ్చదనానికి కూడా ప్రభుత్వం హద్దు పెట్టింది. 2012 సెప్టెంబర్ 1 నుండి మన దేశంలో అమ్మే ఫోన్‌కు ఈ హద్దు కిలోకు 1.6 వాట్లు. మీ ఫోన్‌ది ఎంతో చూడాలంటే *#07# నొక్కండి, చాలా ఫోన్లలో కనబడుతుంది.

రెండింటినీ "రేడియేషన్" అనే ఒకే మాటతో పిలవడం వల్లనే సగం భయం పుట్టిందని నా అభిప్రాయం.

మరి ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది కదా?

2011 మే నెలలో ఆ సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం ఈ తరంగాలను "2బి" అనే వర్గంలో చేర్చిన మాట వాస్తవం. 2బి అంటే "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు, ఆధారాలు మాత్రం చాలవు" అని. అదే వర్గంలో చైనా, కొరియా, జపాన్ తరహా ఊరబెట్టిన కూరగాయలు కూడా ఉన్నాయి. పొగాకు, వక్క, మద్యం ఉన్నది ఒకటో వర్గంలో. వాటి విషయంలో అనుమానం ఏమీ లేదు, రుజువైపోయింది. టవర్‌ను తిడుతూ బీడీ ముట్టించే పెద్దమనిషికి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

అప్పట్లో 2బి అనడానికి ముఖ్య ఆధారాలలో ఒకటి 2010లో వెలువడిన ఇంటర్‌ఫోన్ అధ్యయనం. 13 దేశాలలో మెదడు గడ్డలు వచ్చిన ఐదువేలమందికి పైగా రోగులను, గడ్డలు లేనివారిని కూర్చోబెట్టి, వెనుకటి సంవత్సరాలలో ఎంతసేపు ఫోన్ మాట్లాడారు, ఏ చెవికి పెట్టుకున్నారు అని అడిగారు. మొత్తం మీద ప్రమాదం పెరిగినట్టు కనబడలేదు. అందరికంటే ఎక్కువ మాట్లాడామన్న పదోవంతు మందిలో మాత్రం గ్లయోమా అనే గడ్డ 40 శాతం ఎక్కువగా కనబడింది.

రోగి చరిత్ర రాసుకునే పని చేసినవారికి ఇక్కడి చిక్కు వెంటనే తెలుస్తుంది. నిన్న రాత్రి మందు ఎన్ని గంటలకు వేసుకున్నావని అడిగితేనే ఇంటిల్లిపాదీ తలా ఒక మాట చెబుతారు. పదేళ్ళ కిందటి ఫోన్ మాటలు ఎవరికి గుర్తుంటాయి? పైగా తలలో గడ్డ ఉందని తెలిసిన మనిషి "నాకే ఎందుకు వచ్చింది" అని రాత్రింబవళ్ళు వెతుక్కుంటాడు. కుడివైపు గడ్డ ఉంటే, నేను కుడి చెవికే పెట్టుకునేవాణ్ణి అనిపిస్తుంది. అది అబద్ధం కాదు, బాధలో ఉన్న మనసు చేసే పని. ఆ అధ్యయనంలో రోజుకు 5 గంటలకు మించి మాట్లాడామని చెప్పినవారు కూడా ఉన్నారు. అది నమ్మదగ్గ లెక్క కాదని పరిశోధకులే అనుమానించారు.

అందుకని డెన్మార్క్‌లో జ్ఞాపకాన్ని అడగకుండా కంపెనీ రికార్డులనే తీసుకున్నారు. 1982 నుండి 1995 లోపు కనెక్షన్ తీసుకున్న 4 లక్షల 20 వేల మందిని చాలా ఏళ్ళు గమనించారు. వారిలో మెదడు గడ్డలు ఎక్కువ కాలేదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద 63 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, పదేళ్ళకు మించి ఫోన్ వాడినవారిలో కూడా మెదడు క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు. 2018లో అమెరికాలో మగ ఎలుకల గుండెలో గడ్డలు కనబడిన మాట నిజమే. వాటికి రోజుకు 9 గంటలు, రెండేళ్ళపాటు, ఒళ్ళంతా తరంగాలు తగిలేలా పెట్టారు. మన వాడకంతో దానికి పోలిక లేదు.

టవర్ సంగతి

టవర్ తరంగాలు దూరం పెరిగేకొద్దీ చాలా త్వరగా బలహీనమవుతాయి. చెవికి ఆనించిన ఫోన్ నుండి తలకు తగిలేదే ఎక్కువ. సిగ్నల్ సరిగా లేని చోట ఫోన్ మరింత గట్టిగా పని చేయాలి, అంటే టవర్ లేని ఊళ్ళోనే ఫోన్ తరంగాలు ఎక్కువ తగులుతాయి. ఇది విన్నవారు నమ్మరు! 2012 నుండి మన దేశంలో టవర్లకు అంతర్జాతీయ హద్దులో పదోవంతు మాత్రమే అనుమతి.

ఈ భయం వల్ల జరిగే నష్టం

బుగ్గ లోపల పుండుతో ఒక తల్లి వచ్చింది. చాలా ఏళ్ళుగా తంబాకు నమిలే అలవాటు. పుండు మానకపోతే, కొడుకు కొనిచ్చిన ఫోన్ ఆ బుగ్గకే పెట్టుకోవడం వల్ల అయిందని ఇంట్లో అనుకున్నారు. ఫోన్ మానిపించి ఆరు నెలలు చూశారు. తంబాకు మాత్రం ఎవరూ మానిపించలేదు. వచ్చేసరికి నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోలేదు. మెడలో బిళ్ళ కట్టింది. మొదటి నెలలోనే వచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయే అవకాశం ఉండేది.

ఫోన్ ప్రాణం తీయదని నేను అనడం లేదు. 2014 జూలై 24న మన జిల్లాలోని మాసాయిపేట దగ్గర, కాపలా లేని రైల్వే గేటు వద్ద బడి బస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. డ్రైవర్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడని బతికిన పిల్లలు చెప్పినట్టు ఆనాటి పత్రికలు రాశాయి. బండి నడుపుతూ మెడ వంచి భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకునే యువకులను హైదరాబాద్ రోడ్డు మీద రోజూ చూస్తున్నాము. ఇంట్లో తల్లులు భయపడవలసింది దీనికి.

ఇంకా మనసు ఒప్పకపోతే స్పీకర్ పెట్టుకుని గాని, ఇయర్‌ఫోన్‌తో గాని మాట్లాడండి. తలకు కొంచెం ఎడమైతే చాలు, తగిలేది బాగా తగ్గిపోతుంది. పిల్లల చేతిలో ఫోన్ తగ్గించడం నిద్రకూ చదువుకూ మంచిదే.

ఎప్పుడు చూపించుకోవాలి?

తలనొప్పి అందరికీ వస్తుంది, దానికి భయపడనక్కరలేదు. తెల్లవారుజామున తలనొప్పితో వాంతులు, పెద్ద వయసులో కొత్తగా ఫిట్స్, ఒక చెయ్యి కాలు పట్టు తప్పడం ఉంటే మాత్రం ఆలస్యం చేయవద్దు. నోటిలో మూడు వారాలైనా మానని పుండు, తెల్లటి మచ్చ, రొమ్ములో గడ్డ, ముట్లు ఆగిన తర్వాత రక్తస్రావం — వీటిలో ఏది ఉన్నా రండి. ఉదయం పళ్ళు తోముకున్న తర్వాత అద్దం ముందు నాలుక పైకెత్తి, బుగ్గలు లాగి చూసుకోవడానికి ఒక్క నిమిషం పడుతుంది. తంబాకు, గుట్కా, బీడీ అలవాటున్నవారు నెలకొకసారి తప్పక చూసుకోండి. అవసరమైతే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళవలసి ఉంటుంది. ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ వైద్యం ఉంది కనుక వెళ్ళేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని వెళ్ళండి.