పరిశోధనకు ఎంత ఇంగ్లీషు కావాలి?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో పెరిగిన తెలుగు పిల్లలకు మూడు భాషలతో నెట్టుకురావడం కొత్త కాదు. ఇంట్లో తెలుగు, బయట హిందీ, పుస్తకాల్లో ఇంగ్లీషు. అయినా కోనీలోని గురు ఘాసీదాస్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీజీ చేసి పీహెచ్‌డీ ఆలోచన రాగానే, ‘అంతర్జాతీయ జర్నల్‌కి రాసేంత ఇంగ్లీషు మనకెక్కడిది?’ అన్న సందేహం అడ్డుపడుతుంది. అది ఉత్త భయమేమీ కాదు. తత్సుయా అమానో బృందం 8 దేశాల్లోని 908 మంది పర్యావరణ శాస్త్రవేత్తలను ప్రశ్నించి, 2023లో ‘ప్లాస్ బయాలజీ’లో ఫలితాలు ప్రచురించింది. ఇంగ్లీషు మాతృభాష కానివారి పేపర్లు భాష కారణంగా తిరిగొచ్చే సందర్భాలు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. భాష సరిదిద్దమని అడగడమైతే దాదాపు పన్నెండున్నర రెట్లు ఎక్కువ. ఇది అన్యాయమే. కానీ ఆ అన్యాయం తొలగేదాకా కెరీర్ ఆగదు కదా.

ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, పరిశోధనకు కావలసిన ఇంగ్లీషు చాలా తక్కువ. అనర్గళంగా మాట్లాడటానికీ దీనికీ పెద్దగా సంబంధం లేదు. అర్పా నది నీటిమీద పనిచేస్తున్నారనుకోండి. ‘నీరు బాగా కలుషితమైంది’ అని ఎంత సొగసుగా రాసినా సమీక్షకులు ఒప్పుకోరు. ఏ వంతెన దగ్గర, ఏ నెలలో, ఎన్ని సీసాలు పట్టారు, ఎంతసేపట్లో ల్యాబ్‌కి చేర్చారు, దేనితో కొలిచారు అన్నవి పొట్టి వాక్యాల్లో రాసినా చాలు. విదేశీ జర్నలే కావాలనీ లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు 1945లో తన ప్రసిద్ధ పత్రాన్ని కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వేశారు. అది ఇంగ్లీషులో ఉంది కాబట్టే కలకత్తాలో అచ్చయినా ప్రపంచంలోని గణాంక శాస్త్రవేత్తలు చదవగలిగారు.

హిందీలోనో తెలుగులోనో రాస్తే తప్పేమిటని అడగొచ్చు. ఛత్తీస్‌గఢ్ ఆదివాసుల జీవనంమీద చేసిన పని హిందీలో రాకపోతేనే తప్పు. బ్రెజిల్‌లో 1998లో మొదలైన సైయెలో అనే ఆన్‌లైన్ జర్నళ్ల వేదిక పోర్చుగీసు, స్పానిష్ జర్నళ్లను గౌరవంగా నిలబెట్టింది. అయితే రసాయనశాస్త్రంలోనో భౌతికశాస్త్రంలోనో మీ ఫలితాన్ని పరీక్షించి చూసేవాళ్లు కొరియాలోనో జర్మనీలోనో ఉంటారు. ఏఐ రాసిపెడుతుంది కదా అన్నది ఇంకో వాదన. భాష దిద్దుకోవడానికి పెద్ద ప్రచురణ సంస్థలు అనుమతిస్తున్నాయి, కానీ ఏఐని రచయితగా ఒప్పుకోవు. తప్పొస్తే పూచీ మీదే. ‘కారణం కావచ్చు’ అని మీరు రాసినదాన్ని అది ‘కారణం’ అని తేల్చేస్తే, పట్టుకునేంత ఇంగ్లీషు మీకు ఉండి తీరాలి.

ఇంగ్లీషు చాలదన్న ఈ భయాన్నే సొమ్ము చేసుకునేవాళ్లున్నారు. డబ్బు కడితే వారంలో అచ్చేస్తామనే జర్నళ్ల జోలికి పోకండి. అంత తొందరా అక్కర్లేదు: థీసిస్ ఇచ్చేముందు పేపరు తప్పనిసరి అన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లోనే తీసేసింది. మీ విశ్వవిద్యాలయం సొంత నియమమేమిటో మాత్రం కనుక్కోండి. ఇక చదవడానికైతే, ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద 2025 నుంచి దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉచితంగా దొరుకుతున్నాయి. మీ అంశంమీద వచ్చిన పేపర్లు పది తీసుకుని, ముందు మెథడ్స్ భాగాలే చదవండి. తర్వాత మీ ప్రయోగాన్ని అదే వరుసలో ఒక పేజీ రాసి, గైడుకన్నా ముందు పక్క డిపార్ట్‌మెంటు మిత్రుడికి ఇవ్వండి. అతను ఎక్కడ ఆగి ప్రశ్న అడిగితే అక్కడ తిరగరాయాలి.