చట్రానికి జీర్ణోద్ధరణ

శిథిలమైన దేవాలయాన్ని తిరిగి నిలబెట్టడాన్ని మన పూర్వులు జీర్ణోద్ధరణ అన్నారు. కొత్త గుడి కట్టడం కంటె అది కష్టమైన పని. కొత్తదానికి స్థపతి సంకల్పమే ప్రమాణం. పాతదానికి, తొలుత కట్టినవాని ఉద్దేశం కూడా ప్రమాణమే. ఏ రాయిని ఉంచాలి, ఏ రాయిని తొలగించాలి అన్న వివేకం అక్కడ అడుగడుగునా కావాలి. ఈ మాట రాతికే కాదు, ఇనుముకూ వర్తిస్తుంది. పెరటి చెట్టుకింద ఏళ్ళ తరబడి ఎండకు ఎండి, వానకు తడిసిన పాత జీపును మళ్ళీ రోడ్డెక్కించాలనుకొనే గృహస్థుకు ఎదురయ్యే సమస్య సరిగ్గా ఇదే.

జీపు యుద్ధంలో పుట్టిన వాహనం. 1940లో అమెరికా సైన్యం తేలికైన, నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండిని కోరింది. బాంటమ్ అనే చిన్న సంస్థ కోసం కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజనీరు తొలి నమూనాను రూపొందించాడు. ఆ తరువాత విల్లీస్, ఫోర్డ్ సంస్థలు 1941 నుండి 1945 వరకు ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేశాయి. స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్ళలోనే మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పును చేపట్టింది. అలా వచ్చిన బండ్లు మన పల్లెబాటలకు, కాలువగట్లకు, అడవిదారులకు అలవాటుపడ్డాయి. అధికారి వచ్చాడని ఊరివారు తెలుసుకొన్నది చాలాకాలం జీపు చప్పుడునుబట్టే.

ఈ బండికి ప్రాణం ఇంజను అని చాలామంది అనుకొంటారు. ఇంజను చెడితే మరొకటి బిగించవచ్చు. పై తొడుగు సొట్టపోతే సరిచేయవచ్చు. కాని వీటన్నిటినీ మోసేది అడుగునున్న చట్రం. దీనినే మెకానిక్కులు ఛాసిస్ అంటారు. నిచ్చెనను నేలపై పడుకోబెట్టినట్లు ఉంటుంది దాని రూపం. రెండు పొడవైన ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డకమ్ములు. ముందు, వెనుక కమాన్ కట్టలను తగిలించే కొక్కేలు దానికే అతికి ఉంటాయి. కంటికి కనిపించదు గనుక దానిని ఎవరూ పట్టించుకోరు. తుప్పు కోరుకొనేదీ అదే.

తెలుగువారు లోహాలకు పట్టే మాలిన్యానికి వేరువేరు పేర్లు పెట్టారు. రాగికి, ఇత్తడికి పట్టేది చిలుము. ఇనుముకు పట్టేది తుప్పు. ఈ భేదం కేవలం మాటలలోని భేదం కాదు. రాగిపై ఏర్పడే ఆకుపచ్చని పొర లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకొని, కాలం గడిచినకొద్దీ లోపలి లోహానికి కొంత కవచంగా పనిచేస్తుంది. తుప్పు అలా కాదు. ఇనుము, ఆక్సిజన్, నీరు కలిసినప్పుడు ఏర్పడే ఆ పదార్థం గుల్లగా ఉండి పెచ్చులుగా రాలిపోతుంది. రాలినచోట కొత్త ఇనుము గాలికి, తడికి దొరుకుతుంది. పైగా తాను పుట్టిన ఇనుము కంటె తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులను కలిపి రివెట్లు కొట్టినచోట నీరు దూరితే, లోపల పెరిగిన తుప్పు ఆ రేకులను ఉబ్బించి విడదీస్తుంది. నీటిలో ఉప్పు ఉంటే ఈ చర్య మరింత వేగవంతమవుతుంది. అందువల్ల విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాలలో తిరిగిన బండి చట్రానికీ, అనంతపురంవంటి పొడినేలలో తిరిగిన బండి చట్రానికీ వయస్సు ఒకటే అయినా ఆయువు ఒకటి కాదు.

ఉద్ధరణకు పూనుకొనేవాడు మొదట చేయవలసింది పరీక్ష. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం. గట్టి కుండ కంగుమంటుంది, పగిలినది బొద్దుగా పలుకుతుంది. చట్రాన్ని కూడా చిన్న సుత్తితో ఆ చివరనుండి ఈ చివరవరకు కొట్టుకొంటూ పోవాలి. లోహం మిగిలినచోట స్పష్టమైన నాదం వస్తుంది. తుప్పు తిన్నచోట ధ్వని మందగిస్తుంది, పెచ్చులు రాలతాయి, ఒక్కొక్కసారి సుత్తి లోపలికే దిగిపోతుంది. కమాన్ కట్టల కొక్కేలు, వెనుక అడ్డకమ్మి, బురద చేరి ఆరకుండా నిలిచే మూలలు, పైతొడుగును బిగించే బోల్టుల చుట్టుపక్కల ఈ పరీక్ష నిదానంగా జరగాలి. పరీక్షించిన చోటునెల్లా సుద్దతో గుర్తించడం మంచిది.

ఆ తరువాత కొలతలు. చట్రం వంకరపోయిందో లేదో తెలియాలంటే మూలమట్టాలు చూడాలి. ఎడమవైపు ముందు కొక్కెంనుండి కుడివైపు వెనుక కొక్కెంవరకు, మళ్ళీ కుడినుండి ఎడమకు కొలిచినప్పుడు రెండు కర్ణాలూ సమానంగా రావాలి. తాపీ మేస్త్రి వాడే గుండుదారాన్ని వ్రేలాడదీసి ఆ బిందువులను నేలపై గుర్తించుకొంటే ఇంటివద్దనే ఈ పని నెరవేరుతుంది. దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానమన్న పాఠం పదోతరగతితో ముగిసిపోయిందని అనుకొన్న విద్యార్థులు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి.

పరీక్ష ముగిసిన తరువాత అసలు ప్రశ్న వస్తుంది. ఈ చట్రాన్ని బాగుచేయాలా? తీసివేసి వేరొకటి వేయాలా? వేరొకటి వేయడం సులభం. కాని చట్రంపై ఒక సంఖ్య చెక్కి ఉంటుంది. రిజిస్ట్రేషను పత్రంలో బండిని గుర్తించే సంఖ్యలలో అది ముఖ్యమైనది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ పత్రంలోని వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నియమాలను ప్రకటించింది. తొలి రిజిస్ట్రేషను జరిగి ఏబది ఏళ్ళు దాటి, చట్రంలోగాని, పైతొడుగులోగాని, ఇంజనులోగాని పెద్ద మార్పులు లేకుండా మూలరూపంలో నిలిచిన సొంత బండ్లకే ఆ నియమాల కింద గుర్తింపు లభిస్తుంది. కనుక పాత చట్రాన్ని పారవేసినవాడు ఇనుమును మాత్రమే కాదు, ఆ బండి చరిత్రను కూడా పారవేసినవాడవుతాడు. తుప్పు తొలగించేటప్పుడు ఆ సంఖ్య ఉన్నచోట గ్రైండరు తగలనీయరాదు. అక్కడ చేతి బ్రష్షుతోనే పని జరగాలి.

అయితే పాతదన్న మమకారం ప్రాణాలమీదికి రాకూడదు. దూలం నిడివిలో చాలాభాగం పలచబడినప్పుడు, కొక్కేల మొదళ్ళు కుళ్ళినప్పుడు అతుకులతో నెట్టుకురావడం అవివేకం. అలాంటి చట్రంతో రోడ్డెక్కితే కమాన్ కట్ట ఊడి బండి అదుపుతప్పుతుంది. బాగుచేయదగినదా కాదా అన్న నిర్ణయం అనుభవం గల వెల్డరు చూసి చెప్పవలసినది.

బాగుచేయదగినదే అయితే బండిని విప్పాలి. ముందుగా బ్యాటరీని, పెట్రోలు ట్యాంకును తొలగించి దూరంగా ఉంచాలి. ఖాళీ ట్యాంకు నిండుదానికంటె ప్రమాదకరం. అందులో నిలిచిన ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. జాకీని నమ్మి బండికింద దూరరాదు. బలమైన ఇనుప స్టాండ్లపై చట్రం నిలిచిన తరువాతనే మనిషి అడుగున ఉండాలి.

తుప్పును వదిలించే మార్గాలు పలు విధాలు. పెచ్చులను ఉలితో, సుత్తితో రాల్చి, తక్కినదానిని గ్రైండరుకు తగిలించిన తీగ బ్రష్షుతో తోమడం సాధారణ పద్ధతి. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది గనుక కళ్ళకు అద్దాలు, ముక్కుకు తగిన మాస్కు లేకుండా ఆ పని చేయరాదు. పొడి ఇసుకను గాలితో చిమ్మి తుప్పు రాల్చేవారున్నారు. ఆ ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. ఇంటివద్ద దాని జోలికి పోకపోవడమే మేలు. చిన్న చిన్న కొక్కేలకు విద్యుద్విశ్లేషణ చక్కని ఉపాయం. ప్లాస్టిక్ తొట్టిలో చాకలిసోడా కలిపిన నీరు పోసి, తుప్పు పట్టిన వస్తువును పన్నెండు వోల్టుల ఛార్జరు ఋణధ్రువానికీ, పనికిరాని మామూలు ఇనుపముక్కను ధనధ్రువానికీ కలపాలి. ధ్రువాలు తారుమారైతే కాపాడదలచిన వస్తువే కరిగిపోతుంది. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం లవణాలు పుడతాయి. హైడ్రోజన్ వెలువడుతుంది కనుక ఇదంతా ఆరుబయట జరగాలి.

ఎంత తోమినా సన్నని గుంటలలో తుప్పు మిగులుతుంది. దానికి ఫాస్ఫారిక్ ఆమ్లం గల ద్రవాన్ని పూస్తారు. అది తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మార్చి పలుచని నల్లని పొరను ఏర్పరుస్తుంది. ఢిల్లీలో కుతుబ్ మీనారు చెంతనున్న ఇనుప స్తంభం సుమారు పదహారు వందల ఏళ్ళుగా నిలిచి ఉండడానికి ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండడం ముఖ్యకారణమని లోహశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. మన పెరటిలోని పనికీ ఆ స్తంభానికీ చుట్టరికం ఇంతమాత్రమైనా ఉంది.

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితుడు, పురుగు తిన్నచోట తన కల్పనను చొప్పించి మూలంగా చలామణి చేయడు. అక్కడ గ్రంథపాతం అని గుర్తు పెడతాడు. చట్రంలో చిల్లుపడినచోట పుట్టీ పూసి రంగు వేసే విక్రేతకు ఈ నీతి తెలియదు. కుళ్ళిన రేకుమీదనే కొత్త రేకు అతికించడం అంతకంటె చెడ్డది. ఆ రెంటినడుమ నీరు నిలిచి తుప్పు రెట్టింపవుతుంది. చెడినభాగాన్ని గట్టి లోహం కనిపించేవరకు కోసివేసి, అంతే మందం గల ఉక్కుముక్కను అమర్చాలి. దూలానికి అడ్డంగా నిలువుగీతలా అతికితే ఒత్తిడి అంతా ఆ గీతమీదే పడుతుంది. అందుకని ఏటవాలుగా కోసి, మూలలను గుండ్రంగా ఉంచుతారు. ముందు అక్కడక్కడ చుక్కలుగా అతికి, కొలతలు మళ్ళీ చూసుకొని, ఆ తరువాత ఇటొకసారి అటొకసారి కొద్దికొద్దిగా పూర్తిచేయాలి. ఒకేచోట వేడి ఎక్కువైతే చట్రం వంగిపోతుంది. దూలం పైఅంచుకు, కిందిఅంచుకు కొత్తగా రంధ్రం వేయరాదు. బరువు మోసేటప్పుడు వంపు ఒత్తిడి ఎక్కువగా పడేది ఆ అంచులమీదనే. నడిమి భాగంలో అది స్వల్పం.

ఇక మిగిలింది పూత. జింకు పాలు ఎక్కువగా గల ప్రైమరు శుభ్రమైన ఉక్కుపై వేస్తే, ఇనుము కంటె ముందు జింకు తాను క్షయించి ఇనుమును కాపాడుతుంది. ఆమ్లపు పొర ఉన్నచోట అది లోహానికి అందదు గనుక అక్కడ ఎపాక్సీ ప్రైమరు వేయాలి. మన ఊళ్ళలో కిటికీ చువ్వలకు వేసే రెడ్ ఆక్సైడు కూడా నిజానికి ఇనుప ఆక్సైడే. తుప్పు జాతికి చెందిన ఆ ఎర్రని పొడి నూనెలోనో రెసిన్‌లోనో కలిసి తుప్పుకే అడ్డుగా నిలుస్తుంది. పై రంగు ఆరిన తరువాత దూలాల లోపలికి మైనపు ద్రవాన్ని చిమ్మాలి. నీరు కారిపోవడానికి తయారీదారు అడుగున ఉంచిన రంధ్రాలు రంగుతోగాని మైనంతోగాని పూడిపోకుండా చూడాలి. వానాకాలానికి ముందొకసారి, తరువాత ఒకసారి ఆ రంధ్రాలలో సన్నని తీగ దూర్చి, బురదను బయటికి లాగాలి.