మందు పంపూ, మోసేవాడి భుజమూ: వస్తురూపకల్పనలో యువజనుల పాత్ర

ఒక వస్తువును తయారుచేసేవాడు వేరు, అమ్మేవాడు వేరు, కొనేవాడు వేరు, వాడేవాడు వేరు. మొదటి ముగ్గురి గురించి మన అర్థశాస్త్రం మిత్రులు డిగ్రీ మూడేళ్ళూ చదువుతారు. నాలుగోవాడు పాఠంలోకి రాడు. వాడు పద్దెనిమిది, ఇరవై ఏళ్ళవాడైతే మరీను, వాని మాట అడిగే దిక్కే లేదు. నేను సైన్సు విద్యార్థిని, సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. కావున ఈ వ్యాసాన్ని మా ఇంటి వసారాలో చిలక్కొయ్యకు వేలాడే ఒక వస్తువుతో మొదలుపెడతాను. అది మందు పంపు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నల్లరేగడిలో పత్తి వేసిన ప్రతి ఇంట్లోనూ అది ఉంటుంది. దాన్ని కొనేది పెద్దవాళ్ళు. మా నాయన అంగట్లో అడిగేవి రెండే ప్రశ్నలు: ఎన్ని లీటర్లు పడుతుంది, ఎంత చెప్తావు. అంగడాయన వాటికి జవాబు చెప్తాడు, బేరం కుదురుతుంది, పంపు ఇంటికి వస్తుంది. దాన్ని వీపుకు తగిలించుకునేది మాత్రం నేనో, మా పెదనాయన కొడుకో, కూలికి వచ్చిన ఇంకెవరి కొడుకో. భుజం ప్రస్తావన ఆ బేరంలో ఎక్కడా రాదు.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. మామూలు పంపులో 16 లీటర్ల నీళ్ళు పడతాయి, అంటే 16 కిలోలు. ఖాళీ పంపు బరువు కలిపితే 20 కిలోల దరిదాపు. న్యూటన్లలో చెబితే సుమారు 196. రెండు పట్టీలు కాబట్టి ఒక్కొక్క భుజం మీద 98. పట్టీ వెడల్పు 4 సెంటీమీటర్లు, భుజాన్ని తాకే పొడవు 10 సెంటీమీటర్లు అనుకుంటే ఆనే వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లు. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడమని తొమ్మిదో తరగతిలోనే చదివాం. ఆ పట్టీ 8 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే పీడనం సగానికి సగం తగ్గుతుంది. దీనికి అయ్యే ఖర్చు జానెడు పట్టీగుడ్డ.

ఇక నడక. ఎకరం అంటే సుమారు 4047 చదరపు మీటర్లు. సాలుకూ సాలుకూ 90 సెంటీమీటర్లు ఎడముంటే ఎకరంలోని సాళ్ళన్నీ ఒకదాని చివర ఒకటి పరిచినప్పుడు నాలుగున్నర కిలోమీటర్లు వస్తాయి. పోతూ రెండుపక్కలా కొట్టుకుంటూ పోయినా రెండుంబావు కిలోమీటర్లు. చేను పెరిగాక ఎకరానికి 200 లీటర్ల మందునీళ్ళు కావాలనుకుంటే పన్నెండున్నర ట్యాంకులు. ఒక్క ఎకరానికి పన్నెండు, పదమూడుసార్లు వంగి, ఎత్తి, తగిలించుకుని లేవాలి. బరువు వెన్నుకు వెనుక ఉండటంవల్ల గరిమనాభి పాదాల మీదికి రావడానికి మనిషి ముందుకు వంగి నడుస్తాడు. సగం ఖాళీ అయిన ట్యాంకు తేలికని బయటివాళ్ళు అనుకుంటారు. నిజానికి అది ఇంకో రకం యాతన, లోపలి నీళ్ళు అటూ ఇటూ ఊగి అడుగు తప్పిస్తాయి, కాలికి బంకమట్టి అంటుకున్న రోజున మరీ ఎక్కువ.

భుజం నొప్పి రాత్రికి తగ్గుతుంది. మూత కారితే తగ్గేది కాదు. మూత బిగువుగా లేని పంపునుంచి మందు వీపు మీదుగా దిగి చొక్కా తడుస్తుంది, ఆ తడి చొక్కాతోనే సాయంత్రం దాకా పని జరుగుతుంది. 2017లో మహారాష్ట్ర యవత్‌మాళ్ జిల్లా పత్తి చేలలో మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా మరణించారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ మరణాలకు పంపు ఒక్కటే కారణమని నేను చెప్పడం లేదు. మందుల మిశ్రమం, ఏపుగా పెరిగిన చేను, ముఖానికి గుడ్డయినా లేకపోవడం, ఇలా ఎన్నో ఉన్నాయి. అయితే వీపు మీద మోసే వస్తువుకు మూత ఎలా ఉండాలో మోసేవాణ్ణి అడగకపోవడం చిన్న విషయం కాదని మాత్రం మనవి. (పద్దెనిమిది నిండని పిల్లల చేతికి పంపు ఇవ్వనే కూడదు. దానికి మంచి పట్టీ, మంచి మూత పరిష్కారం కావు.)

మనిషి కొలతలనుబట్టి పనిముట్టు చేయాలన్నది కొత్త శాస్త్రమేమీ కాదు. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగు సంస్థవారు వివిధ రాష్ట్రాల్లో వ్యవసాయ కార్మికుల శరీర కొలతలు సేకరించి పనిముట్ల రూపకల్పనకు వీలుగా ప్రచురించారు. ఎంతో మేలైన పని. కానీ కొలవడం ఒకటి, అడగడం ఒకటి. టేపు భుజం వెడల్పు చెబుతుంది. ఎడమచేతివాటం వాడు ఎడమపక్కనున్న పిడితో ఏం అవస్థ పడుతున్నాడో టేపు చెప్పదు.

ఈ అడగడం అనే దానిలో కూడా మెట్లున్నాయి. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఆలిసన్ డ్రూయిన్ అనే ఆచార్యురాలు 1990ల చివర 7 నుంచి 11 ఏళ్ళ పిల్లలను, పెద్దలను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి కంప్యూటరు సాధనాలను తయారుచేయించారు. 2002లో మొదలైన పిల్లల అంతర్జాతీయ డిజిటల్ గ్రంథాలయం అలా రూపొందిందే. కొత్త వస్తువుల తయారీలో పిల్లలకు నాలుగు పాత్రలుంటాయని ఆమె విభజించారు: వాడుకరి, పరీక్షకుడు, సమాచారమిచ్చేవాడు, రూపకల్పనలో భాగస్వామి. దీన్ని మన పంపుకు అన్వయిద్దాం. నేను పంపు మోస్తూ ఉంటే పక్కనుంచి ఎవరో చూసి రాసుకున్నారు, అప్పుడు నేను వాడుకరిని. తయారైన పంపు తెచ్చి "ఎట్లుంది తమ్మీ?" అని అడిగారు, పరీక్షకుణ్ణి. ఇంకా బొమ్మ గీస్తుండగా పిలిచి నాలుగు మాటలు అడిగారు, సమాచారమిచ్చేవాణ్ణి. మొదటి రోజునుంచీ పెన్సిలు నా చేతికీ ఇచ్చి, పట్టీ ఎక్కడ కుట్టాలో నిర్ణయించేటప్పుడు నా ఓటు కూడా లెక్కపెట్టారు, అప్పుడే భాగస్వామిని. మన ప్రాంతంలో యువకులు మొదటి మెట్టు మీదనైనా ఉన్నారా అన్నది నా సందేహం. చూసి రాసుకున్నవాణ్ణి నేను ఇంతవరకు మా చేలో చూడలేదు.

దీనికి పెద్ద పరిశ్రమలు, లక్షల రూపాయలు కావాలనుకోనక్కర్లేదు. 1970ల మొదట్లో నార్వేలో ఇనుము, లోహ కార్మికుల సంఘంవారు క్రిస్టెన్ నైగార్డ్ అనే శాస్త్రవేత్తతో కలిసి, కర్మాగారాల్లోకి వస్తున్న కంప్యూటర్లు తమ పనిని ఎలా మారుస్తాయో తామే అధ్యయనం చేసుకున్నారు. తర్వాత 1981లో స్వీడన్ తదితర స్కాండినేవియా దేశాల పత్రికా కార్మికులతో యుటోపియా అనే ప్రయత్నం జరిగింది. అప్పటికి బల్లమీద పెట్టుకునే లేజర్ ప్రింటరు వాళ్ళెవరి దగ్గరా లేదు. వాళ్ళొక ఖాళీ అట్టపెట్టె తెచ్చి దాని మీద పేరు రాసి, అదే ప్రింటరు అనుకుని దాని ముందు నిలబడి పనిచేసి చూశారు. చెయ్యి ఎక్కడికి పోతోంది, కాగితం ఎటు రావాలి అన్నది అట్టపెట్టె దగ్గరే తేలిపోయింది. అట్టపెట్టెలు ఆదోని బజారులో ఏ అంగడి ముందైనా దొరుకుతాయి.

మన తెలుగు నేలమీదనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. నాటి నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితో బడి మానవలసివచ్చిన చేనేత బిడ్డ. పోచంపల్లి చీరకు రంగు అద్దకముందు నూలును ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నిలిపిన పుల్లల చుట్టూ ఒక్క చీరకు చేతిని సుమారు 9000 సార్లు తిప్పాలి, నాలుగైదు గంటల పని. ఆ పని చేసి చేసి వాళ్ళ అమ్మ లక్ష్మి గారికి భుజం పట్టుకుపోయేది. 1992లో, అంటే ఇరవై ఏళ్ళ వయసులో, ఆయన యంత్రం మొదలుపెట్టారు. డబ్బులు అయిపోయి నడుమ ఆగింది, హైదరాబాదులో కూలి చేసుకుంటూ మళ్ళీ సాగించారు. 1999కి పూర్తయింది. పని గంటన్నరకు దిగింది. దానికి ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అని తల్లి పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇందులో నాకు ముఖ్యంగా తోచేది ఏమిటంటే, ఆయనకు ఇంజనీరింగు పుస్తకం లేదు, కానీ ఆ పని చేసే మనిషి రోజూ కళ్ళెదుటే ఉంది. ఏ కదలిక దగ్గర భుజం నొస్తుందో చెప్పేవాళ్ళు అదే ఇంట్లో ఉన్నారు. ఆయనకు ఏడేళ్ళు పట్టింది కదా, పక్కన ఒక పాలిటెక్నిక్కో, ఒక కాలేజీ వర్క్‌షాపో తోడు ఉంటే ఎన్నేళ్ళలో అయ్యేదో పాఠకులే ఊహించుకోవచ్చును.

ఎమ్మిగనూరులో ఆసు లేదు గాని మగ్గం ఉంది. 1938లో మాచాని సోమప్ప గారు స్థాపించిన చేనేతకారుల సహకార సంఘం ఎందరో నేతగాళ్ళకు నూలు, పని, అమ్మకం చూపించింది. దుప్పట్లు, తువ్వాళ్ళతో ఊరి పేరు దూరదేశాలకు పోయింది. 1954లో, పద్మశ్రీ పురస్కారాలు మొదలైన ఏడాదే, సోమప్ప గారికి ఆ గౌరవం దక్కింది. నేటి సంగతి వేరు. నేతగాళ్ళ ఇళ్ళనుంచి వచ్చిన నా క్లాసుమేట్లు మగ్గం ఎక్కమంటున్నారు. కూలి గిట్టదన్నది మొదటి కారణం, అందులో అబద్ధం లేదు. కానీ వాళ్ళతో మాట్లాడితే ఇంకొకటి కూడా బయటికి వస్తుంది. నేసేది తాము వాడని వస్తువు. కాలేజీకి భుజాన వేసుకుపోయే సంచీ, హాస్టలు మంచానికి సరిపడే దుప్పటి, సెల్‌ఫోన్, టిఫిన్ డబ్బా పట్టే జోలె, ఇవి మేం రోజూ కొనుక్కునేవి. మగ్గం మీద వీటి కొలత ఏదని అడిగే మనిషి ఊళ్ళోనే వందలమంది ఉన్నారు, నేసే చెయ్యీ ఊళ్ళోనే ఉంది. ఇద్దరూ కలిసేది ఏటా పుష్యమాసంలో నీలకంఠేశ్వరస్వామి జాతరలో మాత్రమే, అదీ మిఠాయి అంగడి ముందు.

వస్తువుల మాట అటుంచితే, సేవల సంగతి ఇంకా విచిత్రం. ఆదోని యార్డుకు పత్తి తోలే రైతు పేరు మా నాయనది, వేలిముద్ర ఆయనది, ఫోను నొక్కేది నేను. 2025లో భారత పత్తి సంస్థ మద్దతు ధరకు అమ్మేవారికోసం ‘కపాస్ కిసాన్’ అనే యాప్ తెచ్చింది. ఆ సీజనుకు పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8110 రూపాయలు, మధ్యరకానికి 7710. తేమ 8 శాతానికి మించితే ధర తగ్గుతుంది, 12 దాటితే తీసుకోరు. ఈ లెక్కలన్నీ ఇంట్లో చదివి చెప్పేది కాలేజీ పిల్లలే. అనగా యాప్‌ల మీద వాడుకరి అని రాసి ఉన్న చోట రైతు ఉన్నాడు, అసలు వాడుకరి ఆ రైతు కొడుకో, కూతురో. ఏ సేవనైనా తయారుచేసే ముందు ఈ రెండు తరాలనూ పక్కపక్కన కూర్చోబెట్టి చూస్తే, తండ్రికి ఏ మాట అర్థం కాదో, కూతురు ఏ గడి దగ్గర ఆగి నాయనను అడుగుతుందో, అరగంటలో తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. యువజనులను పిలవడమంటే వేదికమీద కుర్చీ వేసి, దండ వేసి, ఫోటో తీసి పంపడమని కొందరి అభిప్రాయం. రోజర్ హార్ట్ అనే పండితుడు 1992లో యునిసెఫ్‌కు రాసిన పుస్తకంలో పిల్లల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన గీశాడు. అందులో అడుగునున్న మూడు మెట్లు, అంటే వాళ్ళను వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, మొక్కుబడిగా పిలవడం, అసలు భాగస్వామ్యమే కావని తేల్చేశాడు. మన సభలు చాలావరకు రెండో మెట్టుమీద ఉన్నాయని అంటే పెద్దలు కోపగించుకోరాదు.

సరిహద్దు అవతల కర్ణాటకలో 1990లో పనిచేసే పిల్లలే భీమ సంఘం పెట్టుకున్నారు. ఆ తర్వాత కుందాపుర తాలూకాలో పిల్లల పంచాయతీలు నడిచాయి. ఊరి దారులు, బడి, నీళ్ళు వంటి విషయాల్లో తమ ఇక్కట్లను పిల్లలే లెక్కతీసి పెద్దల పంచాయతీ ముందు పెట్టారు. మన కోసిగి, కౌతాళం వైపు పల్లెలనుంచి ఏటా సుగ్గికి గుంటూరు దిక్కుకు కుటుంబాలు కదిలిపోతాయి. వెనక ఉండిపోయే పిల్లలకోసం సీజనల్ హాస్టళ్ళు ఏర్పాటు చేశారు. ఆ హాస్టలు ఏ నెలలో తెరవాలి, అమ్మానాన్నలతో వారానికెన్నిసార్లు ఫోనులో మాట్లాడనివ్వాలి అన్నది ఆ పిల్లల్ని అడిగి రాసిన కాగితం ఒక్కటైనా ఉంటే దానికంటే మంచి ప్రణాళిక వేరే అక్కర్లేదు.

"పిల్లకాయలకు ఏం అనుభవం ఉందని?" అని పెద్దలు అంటారు. వాళ్ళ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. పట్టీ వెడల్పు చేస్తే ధర ఎంత పెరుగుతుందో నాకు తెలియదు, తయారీదారుకు తెలుసు. మూతకు ఏ రబ్బరు వాడితే మందు తినేయదో రసాయనశాస్త్రం లెక్చరర్ గారిని అడగాలి. మా అవ్వ అయితే పంపే వద్దంటుంది, వేపగింజలు నూరమంటుంది. అందరి అనుభవమూ బల్లమీదికి రావలసిందే. ఆ బల్లకు నాలుగో కాలు మాది.

వచ్చే ఖరీఫ్‌లో మన ఎన్.ఎస్.ఎస్. మిత్రులం కొందరం కలిసి చిన్న ప్రయత్నం చేద్దామనుకుంటున్నాం. మందు నీళ్ళు కాదు, ఉత్త నీళ్ళే నింపి, పద్దెనిమిది నిండినవాళ్ళచేత మాత్రమే మోయించి, మూడు వెడల్పుల పట్టీలు కుట్టి, ఏది ఎక్కడ ఒత్తుతుందో మోసినవాడే సుద్దముక్కతో చొక్కామీద గీసి చూపాలి. మూతకింద అద్దుడుకాగితం పెడితే ఎంత కారిందో తెలుస్తుంది. అట్టతో కొత్త పిడి ఒకటి చేసి ఎడమచేతివాటం వాళ్ళకిచ్చి చూడాలి. స్ప్రింగు త్రాసు ఇస్తామని భౌతికశాస్త్ర విభాగంవారు మాటిచ్చారు. పట్టీలు కుట్టడానికి ఎమ్మిగనూరు మిత్రుడొకడు సిద్ధంగా ఉన్నాడు. పంపు మాత్రం మా ఇంటినుంచే వస్తుంది, దానికి మా నాయన ఇంకా ఒప్పుకోవాలి.